బెలూన్ షెడ్డుకి హీటర్ పెట్టిన ఏడాది

ఈమధ్య కాలిఫోర్నియా శాన్ రామన్‌లో మా వెనకవీధి వాళ్ళింట్లో, తలా ఒక వంటకం పట్టుకెళ్ళే పాట్‌లక్‌కి వెళ్ళాను. ఆ ఇంటి అమ్మాయి నిత్య అప్పుడే చదువు పూర్తిచేసి, వాతావరణ సమాచారం అమ్మే ఒక కంపెనీలో చేరబోతోంది. పులిహోర ప్లేటుతో వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆంటీ, నాకు ఆర్కిటిక్ డేటా ఇస్తారు. క్లీన్ చేయాలి. ఈజీ ఆంటీ, అవుట్‌లయర్స్ తీసేస్తే చాలు."

నాకు పొలమారింది. వాళ్ళమ్మ పరుగున మంచినీళ్ళు తెచ్చింది.

పిల్ల మీద నాకు కోపమేమీ లేదు. కాలేజీలో దానికి అలాగే చెప్పి ఉంటారు. కానీ నేను చేసిన ఉద్యోగమంతా, మిగతావాటితో పొసగని అంకెల్ని తీసిపారేయాలనే ఆ ఒక్క మాటతో పోట్లాటే. చుట్టూ జనం గ్రీన్‌కార్డు డేట్లు, స్కూలు రేటింగులు మాట్లాడుకుంటుంటే ఆ పోట్లాట సంగతి చెప్పడం కుదరలేదు. అందుకని ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించీ, రాని ప్రమోషన్ల గురించీ ఇందులో ఉండదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి పనికొచ్చేవి రెండు మూడు సంగతులున్నాయి, అవి చెబుతాను.

చలి చేసే పని

నేను విశాఖలో వాతావరణ శాస్త్రం చదువుకున్నాను. అక్కడ పరికరాలకి శత్రువులు ఉప్పుగాలీ చెమటా. అమెరికా వచ్చాక కొలరాడోలో కొండల కింద ఉన్న ఒక పరిశోధన సంస్థలో చేరాను. అలాస్కా ఉత్తర తీరంలోని స్టేషన్ల నుంచి వచ్చే అంకెల్ని నమ్మాలో అక్కర్లేదో తేల్చడం నా పని. తెలుగువాళ్ళు ఎక్కడ కలిసినా, "మీరు వెదర్ కదండీ, ఈ వీకెండ్ వాన పడుతుందా?" అని అడిగేవాళ్ళు. "నిన్న ఎంత చలి వేసిందో నాకింకా తేలలేదు, రేపటి సంగతి మీకెలా చెప్పను?" అనేదాన్ని. నేను వేళాకోళమాడుతున్నానని అనుకునేవాళ్ళు. నేను చెప్పింది మాత్రం నిజమే.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆకాశం నుంచి నేలకి ఎంత వేడి దిగుతోందో కొలవడానికి చిన్న గుండ్రటి గోపురం ఉన్న పరికరం ఒకటి పెడతాం. మబ్బు పడితే ఎక్కువ చూపిస్తుంది, ఆకాశం తేటగా ఉంటే తక్కువ చూపిస్తుంది. గాలి లేకుండా, మబ్బు లేకుండా, ఎముకలు కొరికే చలి వేసిన రోజున ఆ గోపురం మీద నూగు మంచు పేరుకుంటుంది. అప్పుడు పరికరం ఆకాశాన్ని చూడదు, తన మీదున్న మంచునే చూస్తుంది. బయట నక్షత్రాలు కనబడుతుంటే అది మాత్రం మబ్బు పట్టిందని రాసుకుంటూ పోతుంది. గోపురాన్ని వేడిచేసి మంచు కరిగిద్దామంటే ఆ వేడి కూడా కొలతలో కలుస్తుంది. ఫ్యాను పెట్టి గాలి ఊదితే కొంత నయం. పూర్తిగా నయమయ్యే దారి నాకు ఇప్పటికీ తెలీదు.

మంచు ఎంత కురిసిందో కొలవడం ఇంకా హీనం. గాలి వీస్తే పైనుంచి పడేది కొలపాత్రలో పడకుండా పక్కకి కొట్టుకుపోతుంది. నిన్ననే నేలమీద పడ్డది లేచొచ్చి అందులో పడుతుంది. ఒకే మంచుని పదిసార్లు లెక్కపెడతాం, కొత్తగా కురిసినదాన్ని ఒక్కసారి కూడా పట్టుకోలేం.

ఇప్పుడు నిత్య మాటకొద్దాం. చెడ్డ అంకెల్ని తీసి పారేస్తే ఏమవుతుంది? ఆ అంకెలు చెడేది ఎక్కువగా బాగా చలి వేసిన రోజుల్లోనే. వాటిని తీసేస్తే మిగిలినవి కాస్త వెచ్చటి రోజులు. వాటి సగటు కట్టి ఇదే ఆర్కిటిక్ అని చూపిస్తాం. మనం ఏం కొలవడానికి అంత దూరం పోయామో, అది ఎదురుపడినప్పుడే మన పరికరం చేతులెత్తేస్తుంది. ఈ పనిలో నాకు తెలిసిన అతి కష్టమైన సంగతి ఇదే.

ఇద్దరు బాసులు

మొదటి బాస్ కార్ల్. మినెసోటా మనిషి, మాట పొదుపు. కొత్తగా చేరినవాళ్ళని కంప్యూటర్ ముట్టుకోనివ్వకుండా ముందు స్టేషన్‌కి తోలేవాడు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు గోపురం మీద మంచు చూసి, ఇల్లాలి బుద్ధి కదా, వెంటనే బ్రష్షు తీసుకుని శుభ్రంగా దులిపేశాను. మెచ్చుకుంటాడేమోనని చూశాను.

"బాగుంది. గోపురం తళతళలాడుతోంది. దులపకముందు అది ఎంత అబద్ధం చెబుతోందో మాత్రం ఇక ఎప్పటికీ తెలీదు," అన్నాడు.

ముందు చూడు, రాసుకో, తర్వాత దులుపు. ఏ అంకెనీ చెరపకు. నమ్మకం లేకపోతే పక్కన ఒక గుర్తు పెట్టి, ఎందుకు లేదో రాయి. కార్ల్ నేర్పింది ఇంతే. ఇంగ్లీషులో దాన్ని ఫ్లాగ్ అంటాం. ఏడాది చివర కూర్చుని ఫ్లాగులు పెట్టేవాళ్ళని చూస్తే ఆయనకి ఒళ్ళు మండేది. నాకైతే దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగిన సామెత గుర్తొచ్చేది. ఆయనకి దాన్ని అనువదించి చెబితే నవ్వి, తర్వాత మీటింగుల్లో తనే వాడేవాడు.

రెండో బాస్ మార్క్. ఆయన్ని విలన్ చేయడం సులువు, కానీ ఆయన విలన్ కాడు. వాషింగ్టన్ వెళ్ళి నిధులు తెచ్చే విద్య ఆయనకి తెలుసు. ఆయన లేకపోతే మా స్టేషన్లలో రెండు ఎప్పుడో మూతపడేవి. ఒక్కటే లోపం. ఆయనకి అందమైన గీత కావాలి. గ్రాఫ్ మీద గీత ఒకవైపు చక్కగా వాలుతూ పోతే మనిషి మొహం వెలిగిపోయేది. ఒకసారి వెలిగిందా, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

షెడ్డు

అలాస్కా తీరంలోని ఒక స్టేషన్ నుంచి రోజూ బెలూన్ వదులుతారు. దాని కింద అరచేతిలో పట్టే చిన్న పెట్టె వేలాడుతుంది. అది పైకి పోతూ ఎక్కడెక్కడ ఎంత చలి ఉందో రేడియోలో చెబుతుంది.

పైకి పోయేకొద్దీ చల్లబడుతుందని చిన్నప్పుడు చదువుకున్నాం. ధ్రువాల దగ్గర చలికాలంలో ఇది తలకిందులవుతుంది. సూర్యుడు మొహం చూపించడు. నేల తనలోని వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. నేలని అంటుకున్న గాలి అన్నిటికంటే చల్లగా ఉంటుంది, కొన్ని వందల అడుగులు పైకి పోతే వెచ్చబడుతుంది. ఈ అడుగు పొర ఎంత బిగువుగా ఉందన్నది అక్కడి వాతావరణానికి నాడి. అది సడలుతోందంటే పెద్ద వార్త.

ఆ స్టేషన్ ఆపరేటర్ పేరు డెనీస్. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి. ఏళ్ళ తరబడి రేకుల షెడ్డులో, హీటర్ లేకుండా, చేతి తొడుగులు తీసి బెలూన్‌కి ముడులు వేసీ వేసీ ఆమెకి ఒక వేలి కొసకి స్పర్శ పోయింది. ఆమె పోరగా పోరగా కొత్త షెడ్డు కట్టి హీటర్ పెట్టారు. మేమందరం సంతోషించాం. అది మంచి పనే అని ఇవాళ కూడా అంటాను.

ఆ తర్వాత ఒక చలికాలం గడిచింది. రెండోది సగంలో ఉండగా మార్క్ మొహం వెలిగింది. అడుగు పొర సడలుతోంది! గీత అందంగా వాలుతోంది. ప్రాజెక్టు నిధులు మళ్ళీ అడగాల్సిన సమయం కూడా అదే. ప్రతిపాదన మొదటి పేజీలో ఆ గీత వేశాడు.

శిరీష

శిరీష వరంగల్ పిల్ల. మాకు మనుషుల్ని సరఫరా చేసే ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున, హెచ్1బీ వీసా మీద మా దగ్గర పనిచేసేది. స్టేషన్ అంకెల్ని సరిచూసి, చూశానని తన పేరు పొడి అక్షరాలు వేయడం ఆమె పని. వీసా ఎక్స్‌టెన్షన్‌కి కంపెనీ అప్పుడే కాగితాలు పంపింది. ప్రాజెక్టు నిలబడితే ఉద్యోగం ఉంటుంది, ఉద్యోగం ఉంటే వీసా ఉంటుంది. ఆ లెక్క మా ఆఫీసులో అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

ఒకరోజు లంచ్ టైములో నా క్యూబికల్‌కి వచ్చి లాప్‌టాప్ తిప్పి చూపించింది.

"మేడం, ఒక్కసారి ఇది చూడున్రి. షెడ్డు పక్కన టవర్ మీద థర్మామీటర్ మైనస్ ముప్పై అంటున్నది. అదే టైముకు బెలూన్ మొదటి రీడింగ్ మైనస్ పద్దెనిమిది. రెండిటికి నడుమ పార్కింగ్ లాట్ అంత దూరం గూడ లేదు."

"ఒక్కరోజేనా?"

"గాలి లేని రోజులన్నీ గిట్లనే ఉన్నయి. గాలి కొట్టిన రోజు ఫర్వాలేదు. షెడ్డు కట్టక ముందు అసలు ఈ తేడానే లేదు."

నాకు అర్థమైపోయింది. పెట్టెని వెచ్చటి షెడ్డులో సిద్ధం చేసి, తలుపు తీసి, తీసిన వెంటనే వదిలేస్తున్నారు. పెట్టె ఒంటినిండా షెడ్డు వేడి ఉంటుంది. తలుపులోంచి వెచ్చటి గాలి కూడా తన్నుకొస్తుంది. పెట్టె బయటి చలికి అలవాటుపడేలోగా ఆ మొదటి కొన్ని వందల అడుగులు దాటిపోతుంది. మేం వెతుకుతున్నది సరిగ్గా ఆ కొన్ని వందల అడుగుల్లోనే ఉంది. ఆర్కిటిక్ సడలలేదు. మా షెడ్డు వెచ్చబడింది.

"మార్క్‌కి చెప్పావా?"

"ముందుగాల పక్కాగ తెలుసుకుందాం మేడం. అంచనా మీద ఆయన గీత చెడగొడితే బాగుండదు."

ఒక బెలూన్, రెండు పెట్టెలు

మార్క్‌కి పరీక్ష కోసమని మాత్రం చెప్పి ఇద్దరం అలాస్కా వెళ్ళాం. సూర్యుడు మళ్ళీ అప్పుడప్పుడే తొంగిచూస్తున్న రోజులు, మిట్టమధ్యాహ్నం పూట కాసేపు వెలుగు. శిరీష కనురెప్పలకి మంచు పట్టింది. సెల్ఫీ తీసుకుని, "మా అమ్మ ఈ ఫొటో చూస్తే ఉద్యోగం బంద్ పెట్టుమంటది," అని నవ్వింది.

ఒకే బెలూన్ కింద అడ్డకర్ర కట్టి, రెండు చివరలా రెండు పెట్టెలు వేలాడదీశాం. ఒకటి మామూలుగా షెడ్డులోంచి తెచ్చింది. రెండోదాన్ని బ్యాటరీకి మాత్రం స్పాంజి చుట్టి, బయట ఒక కర్రకి కట్టి గాలికి చాలాసేపు వదిలేశాం. గాలి లేని రోజు చూశాం, గాలి ఉన్న రోజు చూశాం. పైన ఎత్తులో రెండూ ఒకే మాట చెప్పేవి. గాలి లేని రోజున నేల దగ్గర మాత్రం షెడ్డు పెట్టె మార్క్ గీతనే గీసింది, రెండోది ఎప్పటి ఆర్కిటిక్‌నే గీసింది.

డెనీస్ మా వెనక నిలబడి స్క్రీన్ చూస్తోంది.

"అంటే రెండు చలికాలాలుగా నేను పంపిందంతా చెత్తేనా?" అంది. గొంతు గట్టిగానే ఉంది. "మీ ఆఫీసు పంపిన సూచనల పేజీలో ఏముంది? బ్యాటరీ చల్లబడితే సిగ్నల్ పోతుంది, వదిలేదాకా వెచ్చగా ఉంచమని ఉంది. నేను ఉంచాను."

ఆమె చెప్పింది నిజం. ఆ పేజీ అమెరికా దక్షిణాదిలో ఎక్కడో ఎండ కాసే స్టేషన్ కోసం రాసింది. అక్కడ షెడ్డుకీ బయటకీ పెద్ద తేడా ఉండదు. దాన్నే అన్ని చోట్లకీ పంపేశారు. కొలరాడోలో స్వెటర్లు వేసుకుని కూర్చున్న మాలో ఒక్కరికి కూడా తట్టలేదు.

"పైనదంతా మంచి డేటా డెనీస్, కింద ముక్క మాత్రమే పోయింది," అని శిరీష ఇంగ్లీషులో చెప్పింది.

డెనీస్ అసలు భయం వేరే. "ఇప్పుడు నా హీటర్ పీకేస్తారా?"

"హీటర్ నీకు. బయట కర్ర పెట్టెకి. ఇద్దరూ ఎవరి చోట వాళ్ళుండండి," అన్నాను. అప్పటికి నవ్వింది. మర్నాటి నుంచే పెట్టెని బయట కర్రకి కట్టి, బయటి చలికి తగినంతసేపు అలవాటు చేసి వదలడం మొదలుపెట్టింది.

గుర్తు

తిరిగొచ్చి మార్క్‌కి చూపించాం. ఆయన లేచి తలుపు వేసి, నెమ్మదిగా చెప్పాడు. పద్ధతి మార్చారు, మంచిది. పాత చలికాలాల మీద ఫ్లాగ్ మాత్రం నిధుల నిర్ణయం వచ్చాక పెడదాం. అప్పటిదాకా దాన్ని 'పరిశీలనలో ఉంది' అందాం. ఎవరూ అబద్ధం ఆడక్కర్లేదు.

ఆ ప్రతిపాదనతో పాటు డేటా కూడా వెళ్తుంది. దాని మీద సరిచూసినవాళ్ళ పొడి అక్షరాలుంటాయి. అవి శిరీషవి.

ఆ శనివారం ఆమెని భోజనానికి పిలిచాను. ముద్దపప్పు, ఆవకాయ, వంకాయ కూర చేశాను. తింటుండగా నేనే విషయం ఎత్తాను.

"చూడు శిరీషా, పద్ధతి మారింది కదా, ఇక ముందు డేటా చెడదు. నీ ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయ్యేదాకా ఆగు. రెండు నెలలంతే. తర్వాత పెట్టుకో ఫ్లాగ్. నిన్నెవరూ ఏమీ అనరు."

ఆ సలహా తప్పని ఇప్పటికీ నేననుకోను. ఒంటరిగా ఉన్న పిల్ల, వీసా అంచున నిలబడి ఉంది. అమ్మలాంటిదాన్ని ఇంకేం చెబుతాను? ఇవాళ మీలో ఎవరైనా వచ్చి అడిగినా ఇదే చెబుతాను. నిజం రెండు నెలలు ఆలస్యంగా చెప్పినా నిజమే. కడుపు మాడ్చుకుని చెప్పమని ఎవరికీ చెప్పే హక్కు నాకు లేదు.

శిరీష పప్పు కలుపుకుంటూ విన్నది. "ఆలోచిస్త మేడం," అంది. ఇంకొంచెం నెయ్యి వేయించుకుంది.

సోమవారం పొద్దున నేను ఆఫీసుకి వెళ్ళేసరికి షెడ్డు కట్టిననాటి నుంచి అడుగు పొర అంకెలన్నిటి పక్కనా గుర్తు పడి ఉంది. కారణం గడిలో మూడు వాక్యాలు: పెట్టె వెచ్చటి షెడ్డులోంచి వదిలారు, బయటి చలికి అలవాటుపడలేదు, గాలి లేని రోజుల్లో నమ్మవద్దు. కింద ఆమె పొడి అక్షరాలు.

మార్క్ ఆమెని ఒక మాట కూడా అనలేదు. మూడోరోజు మొదటి పేజీలో గీత తనే తీసేశాడు. గీత లేని ప్రతిపాదన పంపాడు. దానికి నిధులు రాలేదు. గీత ఉంటే వచ్చేవా అంటే నాకు తెలీదు. మార్క్‌కీ తెలీదు. స్టేషన్‌ని వేరే పద్దు కింద ఎలాగో నిలబెట్టాం. డెనీస్ ఉద్యోగం నిలిచింది. కాంట్రాక్టు మనుషుల్ని తీసేశారు.

ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి, దొరక్కపోతే దేశం వదలడానికి శిరీష చేతికి అరవై రోజుల గడువు వచ్చింది. మార్క్ తనంతట తనే సిఫార్సు ఉత్తరాలు రాశాడు. నేను టెక్సాస్‌లో ఫ్రిస్కోలోనూ కాపెల్‌లోనూ ఉన్న మా చుట్టాలందరికీ ఫోన్లు చేశాను. అందరూ, "హైరింగ్ ఫ్రీజ్ అండీ, కొత్తవాళ్ళని తీసుకోవట్లేదు, రెజ్యూమె పంపమనండి, చూద్దాం," అన్నారు. చూశారో లేదో తెలీదు. గడువు అయిపోయింది.

ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. వెనక సీటు నిండా సూట్‌కేసులు. దారంతా తను మామూలుగానే ఉంది. హైదరాబాద్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్వ్యూ ఉందంది, వాళ్ళ తమ్ముడు రూమ్ ఖాళీ చేసి పెట్టాడంది. నాకే పట్టలేకపోయింది. కళ్ళు మసకబారి కారు పక్కకి తీసి ఆపాను.

"నేను చెప్పినట్టు రెండు నెలలు ఆగి ఉంటే నీ సొమ్మేం పోయేదే? ఎవరు చూడొచ్చారని? ఆ అంకెలు ప్రపంచంలో పదిమంది చూస్తే గొప్ప!"

అరిచినట్టే అన్నాను. తను టిష్యూ పెట్టె తీసి నా ఒళ్ళో పెట్టింది.

"ఆగుదామనే అనుకున్న మేడం. మీ ఇంట్ల అన్నం తిని పోయినంక ఆదివారమంత గదే అనుకున్న. ఫైల్ తెరిచి, 'సరిచూసిన' అని పెట్టనీకి చెయ్యి గూడ పెట్టిన. గప్పుడు డెనీస్ వేలు యాదికొచ్చింది. గంత చలిల నిలబడి ఆమె వేలి స్పర్శనే పోగొట్టుకున్నది. నా వీసా కోసం అక్కడ చలి తగ్గిందని ఎట్ల రాస్త మేడం?"